సూదితో లాగించడం నా తప్పేనా?

ఉద్దానంలోని ఒక పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. ఆమెకు 29 ఏళ్లు, భర్తకు 33, ఇద్దరు పిల్లలు. ఆయన ట్రాలీ ఆటోలో జీడిపిక్కల బస్తాలు పలాస ఫ్యాక్టరీలకు తోలుతారు. ఊళ్లో తప్పెటగుళ్ల దళంలో ముందు పాడే గొంతు ఆయనదే. మామగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది.

ఐదు నెలల కిందట ఆయనకు కుడిపక్క గొంతు నొప్పి మొదలైంది. ఊళ్లో ఆర్ఎంపీ నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. నాలుగో రోజుకి నోరు తెరుచుకోలేదు. చెవిలోకి పోటు. ఉమ్మి మింగలేక తువ్వాల్లోకి వదిలేసేవారు. మాట ముద్దముద్దగా వచ్చేది. ఈమె దగ్గర్లోని టౌన్లో గొంతు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, టాన్సిల్ పక్కన చీము పట్టిందని చెప్పి సూదితో లాగేశారు. ఆ సాయంత్రమే ఆయన చోడి అంబలి తాగారు. రాసిచ్చిన మాత్రలు మాత్రం తగ్గిపోయింది కదా అని నాలుగో రోజున ఆపేశారు. పోయిన నెల అదే పక్క మళ్లీ వచ్చింది. ఈసారి మరిది శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించాడు. అక్కడ కోత పెట్టి చీము తీశారు. రెండు రోజులుంచారు. 18 వేలయింది, ఈమె చెవి దుద్దులు తాకట్టుకెళ్లాయి. "మొదటిసారే కోసి ఉండాల్సింది. ఇప్పుడు ఆరు వారాలాగి టాన్సిల్సే తీయించెయ్యండి" అన్నారట అక్కడి డాక్టర్.

ఆ మాటతో ఇంట్లో తలో దారీ అయ్యారు. మరిది ఏమో "వదినా, నువ్వా సూది డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లబట్టే మళ్లీ వచ్చింది, డబ్బు రెండుసార్లు తగలబడింది" అంటాడు. అత్తగారు "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందట. గొంతు కోసీసినాక ఆడింక పాడతాడేటి?" అంటూ నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట అడ్డపొగ పీలుస్తూ అరుగు మీద కూర్చుంటుంది. భర్త ఏమీ అనడు. కోత పెట్టిన దగ్గర్నుంచి దళం వాళ్లు పిలిచినా వెళ్లడం లేదు. "సూది తప్పా? కోత రైటా? టాన్సిల్స్ తీయిస్తే గొంతు పోతుందా? నా వల్లే ఇదంతా అయిందేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు డాక్టర్ గారూ" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతా ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్తాను గానీ, మీకు నిద్ర పట్టనివ్వని చివరి మాటకి ముందే చెప్పేస్తాను. మీ వల్ల కాలేదు. సూదితో చీము లాగడం తప్పుడు వైద్యమూ కాదు, చవక వైద్యమూ కాదు. ఈ విజయనగరంలో నేను ముప్పై ఏళ్లకు పైగా చెవి, ముక్కు, గొంతు చూస్తున్నాను. మీ ఆయనలాంటి వాళ్లలో చాలామందికి నేను మొదట చేసింది అదే.

అసలు లోపల ఏం జరిగిందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. టాన్సిల్‌కి చుట్టూ ఒక పల్చని తొడుగు ఉంటుంది. ఆ తొడుగుకీ, వెనకున్న గొంతు కండరానికీ మధ్య కొంచెం వదులు జాగా ఉంది. టాన్సిల్‌కి పట్టిన ఇన్ఫెక్షన్ ఆ జాగాలోకి దిగి చీము కట్టడమే ఈ జబ్బు. దాదాపు ఎప్పుడూ ఒక పక్కనే వస్తుంది. ఎక్కువగా చదువుకునే వయసు పిల్లలకీ, ఇరవై నుంచి నలభై లోపు వాళ్లకీ వస్తుంది. చీము పక్కనే దవడను కదిపే కండరం ఉంటుంది కాబట్టి అది బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. టాన్సిల్‌కీ చెవికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి కాబట్టి చెవి బాగానే ఉన్నా చెవిలో పోటు వస్తుంది. టార్చి వేసి చూస్తే చీము పట్టిన పక్క అంగిలి ఉబ్బి, కొండనాలుక రెండో పక్కకి తోసుకుపోయి ఉంటుంది. నోరు తెరుచుకోకపోవడం, ఉమ్మి కారడం, కొండనాలుక పక్కకి జరగడం, ఈ మూడూ కలిస్తే అది మామూలు గొంతు నొప్పి కాదు.

చీము కట్టకముందు, వాపు దశలోనే పట్టుకుంటే మందులతో అణిగిపోయేవి చాలా ఉన్నాయి. కట్టిన చీము మరీ చిన్నదైతే ఆస్పత్రిలో ఉంచి, మందులిచ్చి, ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని చూసేవాళ్లూ ఉన్నారు. కానీ మీ ఆయనలా దవడ పట్టేసి ఉమ్మి కూడా దిగని స్థితికొస్తే చీము బయటికి రావాలి. ఎంత మంచి యాంటీబయాటిక్ అయినా నిలవున్న చీములోకి సరిగా చేరదు. ఊళ్లో ఆ నాలుగు రోజులూ ఇంజెక్షన్లు ఎందుకు పని చెయ్యలేదంటే ఇదే కారణం. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక కాలేజీ కుర్రాడు సాయంత్రం వేళ వచ్చాడు. నోరు రెండు వేళ్ల మందమే తెరుస్తున్నాడు. మాత్రలు రాసి రేపు రమ్మన్నాను. రాత్రి పదకొండింటికి వాళ్ల నాన్న ఎత్తుకుని తెచ్చాడు, ఊపిరికి ఆయాసపడుతున్నాడు. బతికాడు. అప్పట్నుంచి గొంతు నొప్పి అని ఎవరొచ్చినా ముందు నోరు ఎంత తెరుచుకుంటుందో చూడకుండా పెన్ను పట్టుకోలేదు. కాబట్టి మీ ఊరి ఆర్ఎంపీని నేను తిట్టను. ఆ రెండు వేళ్ల లెక్క మాత్రం ఆయనకీ చెప్పండి.

ఇక చీము తీసే పద్ధతులు. మీరు రెండూ బయట కుర్చీలో కూర్చుని చూశారు. లోపల ఏం జరిగిందో నేను చెప్తాను.

సూదితో తీసేటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెడతాం. చీము ఊపిరిలోకి పోకూడదు కాబట్టి పడుకోబెట్టం. పక్కన సక్షన్ గొట్టం ఆన్ చేసి ఉంటుంది. గొంతులో మొద్దుబారే స్ప్రే కొట్టి, ఉబ్బిన చోట చిన్న మత్తు ఇంజెక్షన్ ఇస్తాం. తర్వాత లావు సూది తగిలించిన పది ఎం.ఎల్. సిరంజి తీసుకుంటాం. ఆ సూదికి ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, దాని కొస కత్తిరించి మళ్లీ సూదికే తొడుగుతాం. సూది మొన సెంటీమీటరు మాత్రమే బయటికి కనపడాలి. టాన్సిల్‌కి వెనకగా, పక్కగా, సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం ఉంది. చెయ్యి జారినా సూది అక్కడిదాకా పోకుండా ఆ మూత అడ్డం. ఎక్కువగా చీము నిలిచేది టాన్సిల్ పై భాగంలో, కాబట్టి ముందు అక్కడ గుచ్చి లాగుతాం. రాకపోతే మధ్యలో, ఆ తర్వాత కింద. సిరంజిలోకి పసుపుపచ్చని చీము వస్తుంటేనే మనిషి ముఖం మారిపోతుంది. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. పది నిమిషాల్లో గ్లాసుడు నీళ్లు తాగుతారు. మీ ఆయన సాయంత్రానికి అంబలి తాగారని రాశారే, అక్కడే ఆ సూది తన పని తాను చేసింది.

సూదితో ఇంకో లాభం ఉంది. లోపల నిజంగా చీముందా, ఉత్త వాపేనా అన్నది సిరంజే చెప్పేస్తుంది. చీము లేకపోతే కోత తప్పుతుంది. నష్టం కూడా చెప్పాలి. చీము గదులు గదులుగా ఉంటే సూది ఒక గదిని ఖాళీ చేసి రెండోదాన్ని వదిలెయ్యవచ్చు. కన్నం వెంటనే పూడుకుపోతుంది. అందుకే మర్నాడో, రెండో రోజో మళ్లీ చూపించుకోమంటాం. కొందరికి రెండోసారి లాగాల్సి వస్తుంది. మీది టౌన్‌కి దూరమున్న పల్లె. మర్నాడు తిరిగి రాలేని వాళ్లకి సూది ఒక్కటే చేసి పంపడానికి నేనే కొంచెం ఆలోచిస్తాను.

కోత కూడా చాలావరకు ఇలాగే, కూర్చోబెట్టే చేస్తారు. బ్లేడుకి టేపు చుట్టి, మొన మాత్రం వదిలి, అంగిలి బాగా ఉబ్బిన చోట చిన్న గంటు పెడతారు. దాన్లోంచి మొద్దుగా ఉండే ఫోర్సెప్స్ పెట్టి తెరుస్తారు. లోపల గదులేమైనా ఉంటే అవి కలిసిపోయి చీమంతా ఒకేసారి దిగుతుంది. ఆ గంటు రెండు మూడు రోజులు తెరుచుకునే ఉండి మిగిలింది కారిపోతుంది. ఉప్పునీళ్లు పుక్కిలించమనేది అందుకే. బాధ మాత్రం ఎక్కువ. చీము పట్టిన చోట మత్తు ఇంజెక్షన్ మామూలుగా పట్టినట్టు పట్టదు. బిగుసుకున్న దవడను తెరిచి పట్టుకోవాలి. నోట్లో రక్తమూ చీమూ కలిసి వస్తాయి. తప్పెట మోగిస్తూ గంటలు గంటలు పాడే మనిషి ఆ తర్వాత దళం వైపు వెళ్లడం మానేశాడంటే నాకేం ఆశ్చర్యం లేదు. దాని గురించి కింద మాట్లాడతాను.

రెంటిలో ఏది మేలు అన్నది చాలా ఏళ్లుగా డాక్టర్లు వాదించుకుంటున్న విషయమే. 2016లో కాక్రేన్ అనే సంస్థ వాళ్లు అప్పటిదాకా జరిగిన 11 పరిశోధనల్ని, మొత్తం 674 మంది రోగుల లెక్కల్ని కలిపి చూశారు. సూదితో తీయించుకున్న వాళ్లలో మళ్లీ చీము తీయాల్సి రావడం కోత వాళ్లకంటే ఎక్కువగా కనపడింది. నొప్పి సూదిలో తక్కువగా కనపడింది. అయితే ఆ పరిశోధనలు అంత గట్టివి కావని, వాటి మీద నమ్మకం చాలా తక్కువగానే పెట్టుకోవాలని ఆ లెక్క వేసినవాళ్లే రాశారు. అందుకే ఈనాటికీ ఒక మంచి డాక్టర్ సూది పట్టుకుంటాడు, ఇంకో మంచి డాక్టర్ బ్లేడు పట్టుకుంటాడు. ఎవరి చెయ్యి దేనికి అలవాటు, రోగి నోరు ఎంత తెరుస్తున్నాడు, రేపు మళ్లీ రాగలడా లేడా, వీటిని బట్టి ఉంటుంది.

"మొదటిసారే కోసి ఉండాల్సింది" అన్న డాక్టర్ మాట మీద మీ మరిది ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. ఆయనకి నెమ్మదిగా ఒక్క విషయం చెప్పండి. సూది సరిగా ఖాళీ చెయ్యలేదు అంటే అది రోజుల్లోనే తెలిసిపోతుంది. రెండో రోజుకో నాలుగో రోజుకో నొప్పి తిరగబెడుతుంది, దవడ మళ్లీ పట్టేస్తుంది. మీ ఆయన నాలుగు నెలలు బస్తాలు ఎత్తాడు, అన్నం తిన్నాడు, పాడాడు. నాలుగు నెలల తర్వాత వచ్చింది కొత్తగా వచ్చిన చీము. దానికి పాత సూదిని బాధ్యుణ్ణి చెయ్యలేం. అప్పుడు కోత పెట్టినా ఇది వచ్చి ఉండొచ్చు. ఒకసారి వచ్చిన వాళ్లలో మళ్లీ వచ్చేది 10 నుంచి 15 శాతం మందికని మా పుస్తకాలు సాధారణంగా చెప్తాయి. ఎలా తీసినా కొందరికి వస్తుంది.

ఇందులో మీ చేతుల్లో ఉన్న సంగతులు రెండు కనపడ్డాయి నాకు. నింద వెయ్యడానికి చెప్పడం లేదు, ముందుకు పనికొస్తాయని చెప్తున్నాను. ఒకటి, నాలుగో రోజున ఆపేసిన మాత్రలు. చీము తీశాక యాంటీబయాటిక్ పది రోజుల నుంచి రెండు వారాల దాకా వాడమంటాం. ఈ చీములో ఒక్క రకం క్రిమి ఉండదు. గాలి తగలని చోట పెరిగే క్రిములు కూడా కలిసి ఉంటాయి. అందుకే రెండు రకాల మందులు కలిపి ఇస్తారు. నొప్పి పోయింది కదా అని ఆపితే మిగిలినవి మిగిలిపోతాయి. ఆపడం వల్లే మళ్లీ వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను, కానీ ఇంకోసారి ఆపనివ్వకండి. రెండోది సిగరెట్టు. మీరు ఉత్తరంలో ఒకచోట "రోజుకో పెట్టె" అని రాసి కొట్టేశారు. కొట్టేసినా కనపడింది. ఈ జబ్బు పొగ తాగేవాళ్లకి ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. మీ ఇంట్లో గొడవ ఎందుకు తెగడం లేదంటే రెండు వేరు వేరు ప్రశ్నల్ని కలిపేసి మాట్లాడుకుంటున్నారు. చీము ఎలా తియ్యాలి అన్నది ఆ రోజు, ఆ గంటలో తేలాల్సింది. అక్కడ సూదా కోతా అని ఇంటివాళ్లు పంచాయితీ పెట్టకూడదు. ఏదో ఒకటి తొందరగా జరగాలి, చేసే డాక్టర్ నోట్లోకి చూసి నిర్ణయిస్తాడు. అది మీకు రెండుసార్లు అయిపోయింది. రెండుసార్లూ మనిషి బాగుపడ్డాడు. దాన్ని మూసెయ్యండి. టాన్సిల్స్ తీయించాలా వద్దా అన్నది దీనికి పూర్తిగా వేరు. అది తీరిగ్గా, గొంతు చల్లారాక, నాలుగు మాటలు అడిగి తేల్చుకోవచ్చు. దానికి మీ ముందు దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చుంది.

ఒకటి, తీయించకుండా ఉండటం. ఇది పిరికి దారేం కాదు. సిగరెట్టు మానేసి, గొంతు నొప్పి వస్తే మొదటి రోజే చూపించుకుంటూ ఉంటే మళ్లీ రాకుండా పోవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఈ బెడద తగ్గుతుంది కూడా. కానీ రెండుసార్లు వచ్చిన మనిషికి మూడోసారి వచ్చే అవకాశం, ఒక్కసారే వచ్చిన వాడికంటే ఎక్కువ. ఈ దారి పట్టేవాళ్లు ఒకటి ఒప్పుకుని పట్టాలి: నోరు తెరవడం కష్టమైన రోజున ఊళ్లో ఇంజెక్షన్ అనే మాట ఉండకూడదు. ఆ రోజే బయల్దేరాలి.

రెండోది, శ్రీకాకుళం డాక్టర్ చెప్పినట్టు ఆరు వారాలాగి, వాపంతా తగ్గాక, పూర్తి మత్తు ఇచ్చి రెండు టాన్సిల్సూ తీయించడం. రెండుసార్లు వచ్చినవాళ్లకి ఈ సలహా నేనూ ఇస్తాను, తప్పు చెప్పలేదు ఆయన. తీసేస్తే ఈ జబ్బు మళ్లీ రావడం దాదాపు ఉండదు. పెద్దవాళ్లలో టాన్సిల్స్ తీస్తే ఒంట్లో రోగనిరోధక శక్తి పోతుందన్నది నిజం కాదు. ఆ పని చేసే గ్రంథులు గొంతులోనే ఇంకా ఉన్నాయి. అయితే ఈ ఆపరేషన్ పిల్లలకి తేలిక, పెద్దవాళ్లకి బాధ. పది రోజుల నుంచి రెండు వారాలు మింగడం నరకంలా ఉంటుంది. ఐదారో రోజున నొప్పి తగ్గకపోగా పెరిగినట్టనిపిస్తుంది, చెవిలోకి లాగుతుంది, తీసిన చోట తెల్లటి పొర కడుతుంది. అది చీము కాదు, పుండు మానే పొర. దాన్ని ఎవరూ గోకకూడదు. అసలు భయపడాల్సింది రక్తస్రావానికి. మొదటి 24 గంటల్లో ఒకసారి, ఐదు నుంచి పది రోజుల మధ్య ఇంకోసారి ఆ గండం ఉంటుంది. నూటికి కొద్దిమందికే అవుతుంది గానీ, అయినప్పుడు చేతిలో ఉన్న సమయం తక్కువ. మీ పల్లె నుంచి శ్రీకాకుళం గంటన్నర పైమాట. కాబట్టి చేయించుకుంటే ఆ పది రోజులూ టౌన్లో ఎవరైనా చుట్టాలింట ఉండండి. ఆస్పత్రి బిల్లు గురించి అడిగేవాళ్లు ఈ పది రోజుల కూలి, కిరాయి, తిండి లెక్క వెయ్యరు. మీరు వెయ్యండి. రెండు వారాలు ట్రాలీ కదలదు, నెల దాకా బస్తా ఎత్తకపోతే మంచిది.

మూడోది, ఇప్పుడేమీ చెయ్యకుండా ఆగి, మళ్లీ చీము పడితే ఆ వేడి మీదే, చీముతో సహా టాన్సిల్ తీసెయ్యడం. కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో చేస్తారు. ఒకేసారి రెండు పనులూ అయిపోతాయి. కోతకి కూర్చోలేని చిన్నపిల్లలకి, సూదితో కోతతో లొంగని చీముకి ఇది మంచి దారే. కానీ వాచిపోయిన గొంతులో మత్తు గొట్టం వెయ్యడానికి చెయ్యి తిరిగిన మత్తు డాక్టర్ ఉండాలి. అర్ధరాత్రి దొరికిన చోట చేయించుకునే పని కాదిది. దీన్నే నమ్ముకుని ఆగడం మీకు నేను చెప్పను.

రెండో దారికి వెళ్దామనుకుంటే ఒక ప్రైవేటు చోట చెప్పిన రేటు దగ్గరే ఆగిపోకండి. శ్రీకాకుళం సర్వజన ఆస్పత్రిలో, విశాఖ కేజీహెచ్‌లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. టాన్సిల్స్ ఆపరేషన్ వాళ్లకి రోజువారీ పని. మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అన్న పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. మీ కార్డు మీద ఇది వస్తుందో రాదో ఆస్పత్రిలో హెల్ప్ డెస్క్ దగ్గర ముందే అడగండి. అత్యవసరం కాదు కాబట్టి అడగడానికి, తిరగడానికి మీకు టైముంది. ఇంకో జత దుద్దులు తాకట్టుకెళ్లకుండా ఆ టైము వాడుకోండి.

మీ అత్తగారి భయం గురించి. ఆ సామెత ఆవిడ ఊరికే అనలేదు, కొడుకు గొంతు మీద ప్రేమతో అంది. పాట పుట్టేది టాన్సిల్స్‌లో కాదు. మెడ ముందు చేత్తో తడిమితే గట్టిగా తగులుతుంది చూడండి, మింగినప్పుడు పైకీ కిందికీ కదులుతుంది. స్వరతంత్రులు ఉండేది అందులో. టాన్సిల్స్ అంతకన్నా పైన, నోటి వెనక ఉన్నాయి. మీ అత్తగారి వేలు పట్టుకుని ఆవిడ మెడ మీదే పెట్టి చూపించండి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మాట ముక్కుతో అన్నట్టు, కొంచెం వేరుగా వినపడవచ్చు. మత్తు గొట్టం వల్ల రెండు మూడు రోజులు గొంతు బొంగురుపోవచ్చు. ఇవి సర్దుకుంటాయి. పాడేవాళ్లు మాత్రం తొందరపడకూడదు. డాక్టర్ చూసి సరేననేదాకా, ఎలా చూసినా నెల దాటేదాకా, ఎత్తు గొంతులో పాడకూడదు. కాబట్టి మీ దళానికి అమ్మవారి పండగల హడావుడి లేని నెలల్లో పెట్టుకోమనండి. ముందు గొంతు ఆయనదే అని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఇక మీ ఆయన. ఉత్తరమంతా మీ మాట, మరిది మాట, అత్తగారి మాట ఉంది. గొంతు ఎవరిదో ఆయన మాట ఒక్కటీ లేదు. ఆయన మాట్లాడకపోవడం మొండితనమని నాకనిపించడం లేదు. మెలకువగా ఉండగా నోట్లో బ్లేడు పెట్టించుకున్న మనిషి. మళ్లీ గొంతు ముట్టుకోనివ్వాలంటే భయం ఉంటుంది, ఆ భయం పైకి చెప్పడం మన మగవాళ్లకి చేతకాదు. "టాన్సిల్స్ తీయిద్దామా" అని అడక్కండి. "ఆ రోజు లోపల ఏమైంది" అని అడగండి. పిల్లలు పడుకున్నాక, మరిది లేనప్పుడు అడగండి. టాన్సిల్స్ ఆపరేషన్ పూర్తి మత్తులో జరుగుతుంది, ఆయనకి ఏమీ తెలియదు అన్న ఒక్క ముక్క చాలామందికి తెలియదు. అది విన్నాకే కొందరు నా ముందు కూర్చుని ఊపిరి పీల్చుకున్నారు. ఇంతా విని ఆయన వద్దంటే, వద్దనే హక్కు ఆయనకుంది. అప్పుడు మొదటి దారి. మీరు దానికి జవాబుదారీ కాదు.

ఏ దారిలో వెళ్లినా మీ ఇంటికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషి, తండ్రి డయాలసిస్ మీద ఉన్నాడు. గొంతు నొప్పనగానే మన దగ్గర చేసే నొప్పి ఇంజెక్షన్, డైక్లోఫెనాక్ లాంటివి, కిడ్నీలకి మంచివి కావు. అందులోనూ నాలుగు రోజులు నీళ్లు దిగక ఒళ్లు ఎండిపోయిన మనిషికి అసలు మంచివి కావు. మొదటిసారి ఊళ్లో చేసిన ఇంజెక్షన్లలో అది ఉందో లేదో నాకు తెలియదు. మీరు కనుక్కోండి. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి, ఇంకా కావాలంటే డాక్టర్‌కి ఇంటి సంగతి చెప్పి అడగాలి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒకసారి చేయించండి. మామగారి కోసం ఆస్పత్రికి ఎలాగూ తిరుగుతున్నారు, ఆ తిరుగుడులోనే కొడుక్కీ రక్తం ఇప్పించండి. షుగర్ కూడా చూపించండి. షుగర్ ఉన్నట్టు తెలియని వాళ్లకి ఇలాంటి చీములతోనే అది బయటపడటం చాలాసార్లు చూశాను. చీము తీసినప్పుడు వాపుకి ఒక్కోసారి స్టెరాయిడ్ ఇస్తారు, అది షుగర్ని ఇంకా పెంచుతుంది.

మళ్లీ వస్తే ఏ క్షణాన ఆగకూడదో కూడా చెప్తాను. పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉంటున్నా, ఊపిరి తీస్తుంటే గుర్రుమని చప్పుడొస్తున్నా, మెడ ఒక పక్క వాచి బిగుసుకున్నా, చలీ జ్వరం వణికిస్తున్నా తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో ఎవరూ ఉప్పూ మిరియం వేలికి అద్ది గొంతులోపల నొక్కకూడదు. కొండనాలుక పెరిగిందని నొక్కే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. చీము లోపలే పగిలి ఊపిరితిత్తుల్లోకి పోతే గొంతు జబ్బు కాస్తా ఛాతీ జబ్బవుతుంది.

మరిదితో గొడవ ఎలా తెంపాలో చెప్తాను. రెండు ఆస్పత్రుల కాగితాలూ ఒక కవర్లో పెట్టండి. ఒక తెల్ల కాగితం మీద ఏ పక్క వచ్చింది, ఏ తారీఖున, ఏం చేశారు, ఏ మందు ఎన్నాళ్లు వాడారు అన్నది వరసగా రాయండి. తర్వాతి డాక్టర్ దగ్గరికి ఆ కవరు పట్టుకుని ఆయన్నే రమ్మనండి. "మొదట సూది పెట్టించడం వల్లేనా?" అని ఆయన నోటితోనే అడగనివ్వండి. నా మాటకన్నా ఆయన చెవులతో విన్న మాట బాగా పనిచేస్తుంది. ఆయన అన్న కోసం 18 వేలకి పరిగెత్తిన మనిషే కదా, చెడ్డవాడేం కాదు. వాపు పూర్తిగా తగ్గాక కుడి టాన్సిల్ ఎడమదానికంటే పెద్దగా, గట్టిగా, పుండులా ఉందేమో కూడా ఆ డాక్టర్‌ని చూడమనండి. పొగ తాగేవాళ్లలో అది తప్పకుండా చూడాలి.

అదే రోజు మీ అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే చుట్ట వల్ల అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుళ్లు వచ్చి క్యాన్సర్‌గా మారడం మన శ్రీకాకుళం, విజయనగరం ఆడవాళ్లలో నేను చూస్తూనే ఉన్నాను. చూపించుకోమని ఆవిడ చెప్తే కొడుకు ఎలా వింటాడో, కొడుకు చెప్తే ఆవిడా అలాగే వింటుంది. డాక్టర్ చేతిలో టార్చి ఎలాగూ వెలిగే ఉంటుంది, కట్టుడు పళ్లుంటే తీయించి, ఆవిడ అంగిలి ఒక్కసారి చూడమనండి.